రైలు రాని సీమలో బస్సు ఉద్యోగం



ఈ పూట బస్సు ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెబుదామని మీ ముందుకు వచ్చాను. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేరాను. తర్వాత డిపో క్లర్కుగా డ్యూటీ చార్టులు వేశాను. అవనిగడ్డ డిపోలో, చుట్టుపక్కల డిపోల్లో పనిచేసి రిటైరయ్యాను. పదో తరగతో, ఇంటరో, ఐటీఐయో పూర్తిచేసి ఏ పని పట్టుకోవాలా అని ఆలోచించే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఈ మాటలు వింటే నాకు సంతోషం.

ముందు మా దివిసీమ ఎలాంటి చోటో చెప్పాలి. కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న గడ్డ మాది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాలు ఇక్కడే ఉన్నాయి. ఈ నేల మీద రైలు పట్టా లేదు. ఇటు రైలు బందరుతో ఆగిపోతుంది, అటు రేపల్లెతో ఆగిపోతుంది. ఆ రెంటినీ కలుపుతూ లైను వేయమని ఇక్కడి జనం దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. అందుకని కలెక్టరాఫీసులో అర్జీ పెట్టాలన్నా, కోర్టు వాయిదాకు వెళ్లాలన్నా, విజయవాడలో పెద్ద డాక్టరుకు చూపించుకోవాలన్నా, ఆడపిల్లను అత్తవారింటికి దిగబెట్టాలన్నా మాకు బస్సే దిక్కు. డీఎస్సీ కోచింగు కోసం రాష్ట్రం నలుమూలల నుంచీ అవనిగడ్డకు వచ్చిన పిల్లలు పెట్టె, పరుపు భుజాన వేసుకుని దిగేదీ బస్సులోంచే. వాళ్లలో ఎంతోమంది ఈ రోజు బడిపంతుళ్లు.

ఇలాంటి చోట బస్సు ఉద్యోగం చేయడమంటే ఊరి కాలాన్ని చేతిలో పెట్టుకోవడమే. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. ఈ పనికి చేయి తిరిగిన నేర్పు కావాలి, చిన్నచూపు చూడదగ్గ పని కాదు. దీని విలువ తెలియాలంటే బస్టాండులో కాదు, రూటు చిట్టచివరి ఊళ్లో నిలబడి చూడాలి.

కొంచెం చరిత్ర చెబుతాను. నిజాం రాజ్యంలో 1932లో రైలు శాఖ కింద 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రభుత్వ బస్సు రవాణా మొదలైంది. మన కోస్తా జిల్లాల్లో మాత్రం అప్పుడు నడిచినవన్నీ ప్రైవేటు బస్సులే. రెండో ప్రపంచ యుద్ధం నాటి పెట్రోలు కరువులో బొగ్గు గ్యాసుతో బస్సులు నడిపారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. కృష్ణా జిల్లా రూట్లను సంస్థకు అప్పగించేందుకు ప్రభుత్వం పథకం తయారుచేసింది. ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరం చెప్పి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా దానికి పేరు.

ఆ కేసులో అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. వినేవారు ఒకరు, తేల్చేవారు ఇంకొకరు అయితే ఆ విచారణ వట్టి లాంఛనం అవుతుందని 1958 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చి పథకానికి ఇచ్చిన ఆమోదాన్ని కొట్టివేసింది. ఆ తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు. దాంతో అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి అభ్యంతరాలను స్వయంగా విన్నారు. యజమానులు మళ్లీ కోర్టుకు వెళ్లారు. 1959లో కోర్టు పథకాన్ని నిలబెట్టింది. అలా జిల్లాలోకి ఆర్టీసీ బస్సు వచ్చింది. మన బందరు, గుడివాడ, బెజవాడ రోడ్ల మీద పుట్టిన ఆ తగాదాను దేశమంతటా న్యాయశాస్త్ర విద్యార్థులు ఈనాటికీ సహజ న్యాయం పాఠంగా చదువుతున్నారు. అభ్యంతరాలు విన్నవారే నిర్ణయం చేయాలని మన జిల్లా కేసుతోనే గట్టిగా తేలింది కాబట్టి ఈ చరిత్ర మనకు గర్వకారణం.

ఇక పని సంగతి. తెల్లవారుజామున నాలుగింటికి డిపోలో లైట్లు వెలిగి ఉంటాయి. డ్రైవరు తన బస్సు నంబరు చూసుకుని లాగ్‌షీటు తీసుకుంటాడు. టైర్లు, బ్రేకులు, లైట్లు, వైపర్లు, అద్దాలు చూసుకుంటాడు. కండక్టరు టికెట్ల మిషను, ఎస్ఆర్ అనే టికెట్ల లెక్క కాగితం, చిల్లర సంచి తీసుకుంటాడు. మేం చేరిన రోజుల్లో మిషన్లు లేవు. రేకు ట్రేలో రేటు వారీగా టికెట్ల కట్టలు, చేతిలో పంచి ఉండేవి. ఒక్కో స్టేజీ దగ్గర ఏ కట్టలో ఏ నంబరు దాకా తెగిందో ఎస్ఆర్‌లో రాయాలి. బస్సు ఊగుతుంటే, జనం తోసుకుంటుంటే, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసేవాళ్లం. ఇప్పుడు టిమ్ అనే టికెట్ల మిషను ఆ లెక్కంతా చేస్తుంది. కానీ ఎక్కిన మనిషిని గుర్తుపెట్టుకోవడం, చిల్లర బాకీ ఉన్నవాళ్లకు దిగేలోగా ఇవ్వడం, పసిబిడ్డతో ఎక్కిన తల్లికి సీటు చూపించడం మిషను చేసే పనులు కావు.

కండక్టరుకు లెక్క వస్తే చాలదు, మనుషులు తెలియాలి. చల్లపల్లి సంతకు పోయే ముసలమ్మ రోజూ ఎక్కే చోట ఈ రోజు లేదంటే ఒక్క క్షణం ఆగి చూసే కండక్టరును ఆ ఊరు మరిచిపోదు. అలాగని ప్రతి పిలుపుకూ బస్సు ఆపితే వెనక స్టేజీల్లో నిలబడ్డవాళ్లకు ఆలస్యం. ఎక్కడ "హోల్డాన్" అనాలో, ఎక్కడ "రైట్ రైట్" అనాలో అనుభవం మీద తెలుస్తుంది. ప్రయాణికుల్లో తాగి వచ్చినవాడుంటాడు, కష్టంలో ఉన్నవాడుంటాడు, ఆస్పత్రిలో మనిషిని పోగొట్టుకుని వస్తున్నవాళ్లుంటారు. అందరితోనూ ఒకే గొంతుతో మాట్లాడితే కుదరదు. కండక్టరు లైసెన్సు కావాలంటే ప్రథమ చికిత్స సర్టిఫికెట్టు ఉండాలన్న నియమం ఊరికే పెట్టలేదు. దారిలో ఏం జరిగినా ముందు చేయి వేయాల్సింది కండక్టరే.

డ్రైవరు పని ఇంకొక విద్య. మా డెల్టా రోడ్లు చూడ్డానికి చదునుగా, తేలిగ్గా కనపడతాయి. కానీ ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను. ఎదురుగా లారీ వస్తే మార్జిన్‌లోకి దిగాలి, వానాకాలంలో ఆ మార్జిన్ నల్లరేగడి బురద. కృష్ణ కరకట్ట మీద మలుపులు, సందులు, దాటే పశువులు. సంక్రాంతి నెలలో పొగమంచు బానెట్టు ముందు గోడ కట్టినట్టు ఉంటుంది. వరి కోతలప్పుడు ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. రైతు కష్టం చక్రాల కింద నలగకూడదు, ఎదుటి బండికి దారి ఇవ్వకుండా ఉండకూడదు. రొయ్యల చెరువుల నుంచి నీళ్లు కారుస్తూ పోయే బండ్ల వెనక రోడ్డు జారుతుంది. ఇవన్నీ చూసుకుంటూనే డీజిలు ఆదా చేయాలి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో డిపోలో డ్రైవరు వారీగా లెక్క కడతారు. దాన్నే కేఎంపీఎల్ అంటారు. మంచి డ్రైవరు బ్రేకు తక్కువ వాడతాడు, ముందున్నదాన్ని ముందే చూస్తాడు. నిలబడ్డ ప్రయాణికుడు ఒక్కసారి కూడా తూలకుండా బందరు చేరాడంటే ఆ డ్రైవరు చేతికి మొక్కాలి.

ప్రయాణికులకు కనపడని మూడో వర్గం ఒకటుంది, గ్యారేజీ. రాత్రంతా పని అక్కడే. వచ్చిన బస్సును వచ్చినట్టు కడిగి, డీజిలు పట్టి, గాలి చూసి, డ్రైవరు రాసిన ఫిర్యాదు సరిచేసి, తెల్లారేసరికి నిలబెట్టాలి. సముద్రం దగ్గర కావడంతో ఉప్పుగాలికి రేకులు తుప్పు పడతాయి, బోల్టులు బిగుసుకుపోతాయి. శ్రామిక్‌గా, అంటే సహాయకుడిగా చేరి మెకానిక్ అయి, ఇంజన్ శబ్దం విని జబ్బు చెప్పేవాళ్లను నేను చూశాను. బ్రేకు బిగించిన మనిషి పేరు ప్రయాణికుడికి తెలియదు, కానీ ఆ ప్రయాణికుడి ప్రాణం ఆ చేతిలో ఉంటుంది.

డిపో క్లర్కుగా నేను వేసిన డ్యూటీ చార్టు గురించీ చెప్పాలి. అప్పుడు అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని ఉండేది. అయిదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాల్సి ఉండేది. ఆ చట్టానికి లోబడి, సెలవులు, జ్వరాలు, పెళ్లిళ్లు, బ్రేక్‌డౌన్‌లు అన్నీ తట్టుకుంటూ ఏ సర్వీసూ ఆగకుండా చూడాల్సి వచ్చేది. అందుకే స్పేర్ డ్యూటీ అని కొందరిని డిపోలో సిద్ధంగా ఉంచుతారు. నిద్ర చాలని డ్రైవరుకు స్టీరింగు ఇవ్వకూడదన్నది ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఎన్నటికీ మరవకూడని నియమం. ఒక సర్వీసు రద్దయితే జనం తిట్టుకుంటారు, ఆ తిట్లు పడవచ్చు. ప్రమాదం జరిగితే దిద్దుకునే దారి ఉండదు.

పల్లె బస్సుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది నైట్ హాల్టు. రాత్రి ఆఖరి ట్రిప్పు చివరి ఊళ్లో ఆగిపోతుంది, అక్కడే పడుకుని, తెల్లవారి మొదటి ట్రిప్పుగా బయల్దేరుతుంది. ఆ ఏర్పాటు వల్లే చివరి ఊరి పిల్ల కాలేజీ మొదటి గంటకు అందుకుంటుంది, చేపల గంప తాజాగా బజారుకు చేరుతుంది, కూలి మనిషి రాత్రికి ఇంటికి చేరతాడు. ఊళ్లోవాళ్లు మంచినీళ్లు, మజ్జిగ, ఒక్కోసారి అన్నం కూడా తెచ్చిపెట్టేవారు. డ్రైవరును "అన్నా" అనేవారు, కండక్టరును "బాబాయ్" అనేవారు. ఆ బంధుత్వం ఈ ఉద్యోగం ఇచ్చిన సంపాదన. అలాంటి సర్వీసును ఆదాయం తక్కువని తీసేస్తే, ఆ ఊళ్లో చదువు మానేసేది ముందు ఆడపిల్ల. ఈపీకే అని, అంటే కిలోమీటరుకు వచ్చే రాబడి అని, ఓఆర్ అని, అంటే సీట్లు ఎంత నిండాయని మేం లెక్కలు రాస్తాం. ఆ లెక్కలు అవసరమే. వాటి పక్కన చదువు మానేసిన పిల్లల లెక్క కూడా రాయాలని నేను డిపోలో ఉన్నప్పుడూ అనేవాణ్ణి, ఇప్పుడూ అంటాను.

దివిసీమ అనగానే 1977 నవంబరు 19 గుర్తుకు వస్తుంది. ఆ రోజు ఉప్పెన సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి తీరపు ఊళ్ల మీద పడింది. అధికారిక లెక్క ప్రకారమే వేలమంది పోయారు. అప్పటికి నేను బడికి పోయే పిల్లవాణ్ణి. రోడ్లు తెగిపోయి, చెట్లు అడ్డంపడి, బయటి ప్రపంచంతో మాకు సంబంధం లేకుండా పోయింది. రోడ్డు అంటే ఏమిటో, దాని మీద బండి రావడమంటే ఏమిటో ఆ రోజుల్లో మాకు తెలిసొచ్చింది. ఇవాళ తుపాను హెచ్చరిక రాగానే లోతట్టు ఊళ్ల జనాన్ని పునరావాస కేంద్రాలకు చేర్చడానికి బస్సులు పంపుతారు. అందరూ సముద్రానికి దూరంగా వస్తుంటే, ఎదురుగా అటే బండి నడుపుకుంటూ వెళ్లేవాడు బస్సు డ్రైవరు. ఈ ఉద్యోగం గౌరవమైందా అని అడిగేవారికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

కాలంతో పాటు సంస్థ మారుతూ వచ్చింది. 1999లో ప్రపంచంలో అత్యధిక బస్సులున్న సంస్థగా గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. రాష్ట్ర విభజన తర్వాత 2015లో రెండుగా విడివడి, ఇక్కడి ప్రధాన కార్యాలయం విజయవాడ నెహ్రూ బస్టాండుకు వచ్చింది. 2020 జనవరి 1 నుంచి 50 వేల మందికి పైగా సిబ్బంది ప్రజా రవాణా శాఖ కింద ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. పులిగడ్డ, పెనుమూడి నడుమ వారధి వచ్చాక, ఒకప్పుడు పడవెక్కి దాటిన కృష్ణ మీదుగా రేపల్లె, తెనాలి బస్సులు తిరుగుతున్నాయి. 1990ల్లో ఆడపిల్లలు కండక్టర్లుగా వచ్చారు. మొదట్లో జనం వింతగా చూశారు, తర్వాత ధైర్యంగా వాళ్ల బస్సే ఎక్కారు. తమిళనాడులో వసంతకుమారి అనే మహిళ 1993లోనే ప్రభుత్వ బస్సు స్టీరింగు పట్టింది. మన జిల్లా ఆడపిల్లలకూ ఆ దారి తెరిచే ఉంది.

2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లు గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్టుతో ప్రయాణం చేస్తున్నారు. పొలం కూలికి, ఆస్పత్రికి, పుట్టింటికి కదలాలంటే చార్జీ లెక్కచూసుకునే తల్లికి ఇది పెద్ద ఊరట. అదే సమయంలో కండక్టరు పని పెరిగింది. కార్డు చూడాలి, టికెట్టు కొట్టాలి, కిక్కిరిసిన బస్సులో ఒక్కరినీ వదలకూడదు. జీరో టికెట్టు కూడా లెక్కలో టికెట్టే. దయచేసి కార్డు ముందే చేతిలో పట్టుకోండి, టికెట్టు అడిగి తీసుకోండి.

ఇక ఈ ఉద్యోగంలోకి వచ్చే దారి. రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి, అంతకుముందు కనీసం ఏడాది పాటు తేలికపాటి వాహనం లైసెన్సు చేతిలో ఉండాలి. హెవీ లైసెన్సు తెచ్చుకున్నాక అనుభవం సంపాదించాలి. ఐటీఐలో డీజిల్ మెకానిక్, మోటార్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ చేసిన పిల్లలు డిపోల్లో అప్రెంటిస్ చేయవచ్చు. కండక్టరుగా చేరినవారు క్లర్కులుగా, కంట్రోలర్లుగా, ట్రాఫిక్ సూపర్వైజర్లుగా ఎదిగారు. చేయి తిరిగిన డ్రైవర్లు కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే స్థాయికి వెళ్లారు. తిరుమల కొండ మీదకు విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి, రేపు అవి మన ఊళ్లకూ వస్తాయి. బ్యాటరీ, మోటారు తెలిసిన మెకానిక్‌కు గిరాకీ ఉంటుంది. అయితే డ్రైవర్ల, కండక్టర్ల రెగ్యులర్ నియామకాలు చాలా ఏళ్లుగా పెద్ద ఎత్తున జరగలేదు. అద్దె బస్సులతో, ఆన్‌కాల్ డ్రైవర్లతో బండి లాగిస్తున్నారు. నేర్పున్న మనిషికి నిలకడైన ఉద్యోగం ఇస్తేనే బస్సు సురక్షితంగా నడుస్తుంది. ప్రభుత్వం ఈ విషయం గట్టిగా పట్టించుకోవాలి.

ప్రైవేటు ట్రావెల్స్ బస్సుల్లోనూ మన పిల్లలు ఎంతోమంది ఉన్నారు. హైదరాబాదుకు, బెంగుళూరుకు రాత్రంతా నడుపుతారు. గల్ఫ్ దేశాలకు వెళ్లి బస్సులు నడిపేవారూ ఉన్నారు. వాళ్లకు నా మాట ఒక్కటే. 2013 అక్టోబరు 30న పాలెం అనే ఊరి దగ్గర ఒక ప్రైవేటు బస్సు కల్వర్టును గుద్దుకుని కాలిపోయి 45 మంది సజీవదహనమయ్యారు. వేగం, నిద్ర, మూసుకుపోయిన అత్యవసర ద్వారం, ఈ మూడూ బస్సుకు శత్రువులు. దూర ప్రయాణంలో రెండో డ్రైవరు లేకపోతే బండి తీయనని చెప్పండి. అద్దం పగలగొట్టే సుత్తి సీటు దగ్గర ఉందో లేదో చూసుకోండి. యజమాని తొందరపెట్టాడని ప్రాణాలు పణంగా పెట్టకండి.

కష్టాలు దాచను. నడుము నొప్పి వస్తుంది, వేళకు తిండి ఉండదు, పండగనాడు ఇంట్లో ఉండలేం. అందరూ సంక్రాంతికి ఊరొచ్చేటప్పుడు మేం వాళ్లను దింపుతూ ఉంటాం. కళ్లు, రక్తపోటు, షుగరు ఏటా చూపించుకోవాలి. ఇంట్లో ఆడవాళ్లు ఈ వేళలకు అలవాటుపడి సహకరించకపోతే ఈ ఉద్యోగం సాగదు. నా ఉద్యోగంలో సగం జీతం మా ఇల్లాలిదే అని మనస్ఫూర్తిగా చెబుతాను.

చివరిగా రెండు విన్నపాలు. ప్రయాణికులకు: చిల్లర దగ్గర పెట్టుకోండి, ఫుట్‌బోర్డు మీద వేలాడకండి, డ్రైవరుతో మాటలు పెట్టుకోకండి, దిగేటప్పుడు ఒక మంచిమాట చెప్పండి. పిల్లలకు: ఖాకీ చొక్కాను తక్కువగా చూడకండి. లెక్క నిజాయతీగా ఉంచగలిగితే, కోపం అదుపులో ఉంచుకోగలిగితే, తెల్లవారుజామున లేవగలిగితే ఈ ఉద్యోగం మీకు అన్నం పెడుతుంది, పదిమందిలో నిలబెడుతుంది. మీరు టైముకు బస్సు తీస్తే ఒక ఊరు టైముకు లేస్తుంది. ధైర్యంగా రండి, నేర్చుకోండి, బాధ్యతగా నడపండి.